ఎంగిలి తుపాకి

తొమ్మిదో గేటు లాగ్, నమోదు 1

గాలి పడమర నుంచి. సౌర పలకలు తుడిచాను. గద్దలు పొద్దున రెండు, రెండూ దూరంగానే పోయాయి. నీటి ఊట మామూలే. కోపం విపరీతం.

ఈ లాగ్‌లో కోపానికి గడి లేదని నాకు తెలుసు. కట్ట పెద్దలు అచ్చువేయించిన పట్టీలో గాలికీ, పలకలకీ, గద్దలకీ, నీటికీ మాత్రమే చోటుంది. ఆనకట్ట మీద కాపురముండే ప్రతి ఇల్లూ రోజూ లాగ్ రాసి తీరాలని నియమం పెట్టిన మహానుభావులు, ఆ రాసే మనిషి జీవితమంతా ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన ముసలిదైతే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాల్సింది. ఇష్టం లేనివాళ్ళు గాలి సంగతి చదువుకుని పోవచ్చు.

ఇవాళ నా కొడుకు ప్రభాకరం మేనకోడలికి పిస్తోలు తెచ్చాడు.

తేవాల్సిందే, కాదనను. కట్ట మీద ఏ పిల్లకైనా, పిల్లాడికైనా మొదటి తుపాకి మేనమామ చేతుల మీదుగానే రావాలి. దానికి పిడి పండగ అని పేరు. కొత్త బట్టలు, పసుపు, అక్షతలు, పులిహోర. తుపాకి మాత్రం పెట్టెలోంచి అప్పుడే తీసిందై ఉండాలి. అంతకుముందు ఎవరి చేతిలోనూ పేలి ఉండకూడదు. ఇంకొకరు పేల్చిన తుపాకి ఎంగిలిది. అంట్ల గిన్నెకున్న విలువ కూడా దానికి లేదు.

వాడు తెచ్చిన దాని పేరు పిడుగు. అంత పేరూ దాని మీద చెక్కి ఉంది. గొట్టంలో నా చిటికెన వేలు దూరింది.

"చూడమ్మా, ఇంత పెద్దది కట్ట మీద ఇంకే మేనమామా ఇవ్వలేదు," అన్నాడు, పెళ్ళికొడుకులా నవ్వుతూ.

"బాగుందిరా. మొయ్యడానికి మనిషిని కూడా తెచ్చావా?"

"నువ్వెప్పుడూ ఇంతే."

నా మనవరాలు నీలవేణి దాన్ని రెండు చేతులతో అందుకుంది. తూటాలు లేవని నేను చూశాను, దానిచేత కూడా చూపించాను. గొట్టం గోడవైపు తిప్పి, పిడి పట్టుకోమన్నాను. పిడి దాని గుప్పిట్లో ఇమడలేదు. చూపుడు వేలు సాగదీస్తే గోరు మాత్రం ట్రిగ్గర్‌కి తగిలింది.

"అందటం లేదు మావయ్యా," అంది మెల్లిగా.

"అలవాటైతే అందుతుందిలే. చెయ్యి సాగుతుంది."

"దానికి పందొమ్మిదేళ్ళురా ప్రభాకరం," అన్నాను. "రాయి కట్టి వేలాడదీస్తే సాగడానికి దాని వేళ్ళు పొట్లకాయలు కావు."

వాడికి కోపం వచ్చింది. పిల్ల మధ్యలో పడి, "బాగుంది మావయ్యా, చాలా బాగుంది," అంటూ పిడుగుని ఒళ్ళో పెట్టుకుంది. వాడి మనసు నొప్పించకూడదని దాని బాధ. అందరూ అందరి మనసులూ కాపాడుకుంటూ పోతే గద్ద నుంచి ఆ పిల్లని కాపాడేదెవరో నాకు తెలియలేదు.

నమోదు 2

గాలి లేదు. పలకలు తుడవలేదు, వాటి మీద మినప వడియాలున్నాయి. పలకల మీద వడియాలు పెట్టరాదని పెద్దల తీర్మానం ఉంది. తీర్మానం చేసిన రోజు భోజనంలో వాళ్ళు నంజుకున్నవి నా వడియాలే.

గద్ద ఒకటి. ఎనిమిదో గేటులో ఉండే ఖాతూన్ లాంతరు ఎత్తుకుపోయింది. కిందటి వారమే కొండ ఊళ్ళ సంతలో కొన్నదట. లోపల పాత కంపెనీ బ్యాటరీ ఉందని పాపం ఆమెకేం తెలుసు. ఖాతూన్ చీపురు పట్టుకుని "నీ కంపెనీ తగలడా!" అని వెంటపడింది. గద్ద మాత్రం మర్యాద తప్పలేదు. "మీ సహకారానికి ధన్యవాదాలు. అసౌకర్యానికి చింతిస్తున్నాం," అని ఆ తియ్యటి ఆడగొంతుతో చెప్పి, లాంతరు కాళ్ళకి తగిలించుకుని ఎండిన ఏరు దాటిపోయింది.

ఆ గొంతు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నా చిన్నప్పుడు ఆ కంపెనీ బ్యాటరీల్లో ఒక బాపతువి ఇళ్ళల్లో పేలిపోయాయి. వాటన్నిటినీ ఏరి వెనక్కి తెమ్మని కంపెనీ ఈ గద్దల్ని, ఈ ఎగిరే మరల్ని వదిలింది. తర్వాత కంపెనీ మునిగిపోయింది. ఆ కబురు మరలకి చెప్పేవాళ్ళు మిగల్లేదు. అవి వాటి గూళ్ళల్లో ఒకదాన్నొకటి బాగుచేసుకుంటూ, ఇప్పటికీ ఇంటింటికీ తిరిగి ఆ బాపతు బ్యాటరీ ఎక్కడుంటే అక్కడి నుంచి పెరుక్కుపోతున్నాయి. పంపులో ఉంటే పంపు. లాంతరులో ఉంటే లాంతరు.

నీలవేణి గుండెని నడిపించే యంత్రంలో ఉంటే?

అందుకే ఆ పిల్ల ఆరో ఏట ఆ యంత్రం పెట్టించుకున్నప్పటి నుంచి ఈ ఆనకట్ట కాంక్రీటు కిందే పెరిగింది. ఇంత మందం గోడలోంచి బ్యాటరీ పిలుపు బయటికి వినిపించదు. తలుపు దాటి నిలబడితే మాత్రం ఎక్కడున్న గద్దయినా వచ్చి వాలుతుంది. దాని తల్లి, అంటే మా అమ్మాయి సుగుణ, కొండ ఆసుపత్రిలో నర్సు. వేరే యంత్రం కోసం అడగని డాక్టరు లేడు. దొరకలేదు. సుగుణ ఇక్కడ లేకపోవడమే మంచిది, ఈ ఇల్లు ఇద్దరి కోపాలకి చాలదు.

గద్దకి ఒక పద్ధతి ఉంది. మనిషికి చేతికందేంత దూరంలో ఆగి, బ్యాటరీ మీది ముద్ర చదువుకుంటుంది. నాలుగు ఊపిర్లు తీసేంతసేపు. దాని కన్ను నిమ్మకాయంత గాజుబిళ్ళ. ఆ కన్ను పగిలితే ముద్ర చదవలేదు. ముద్ర చదవనిదే దేన్నీ ముట్టుకోదు. అంత దగ్గరలో పొడుగు తుపాకి తిప్పడానికి చోటుండదు, పిస్తోలే కావాలి. గాజు పగలడానికి చిన్న తూటా చాలు. పెద్ద తూటా దేనికీ అంటే, మగవాళ్ళకి.

బ్యాటరీ ఒంట్లో ఉన్నవాళ్ళెవరైనా బయటికి వెళ్ళాలంటే గురి పరీక్ష నెగ్గాలి. ఊగే రేకు మూతని వరసగా మూడుసార్లు కొట్టాలి. ఏడాదికి ఒక్కసారే పరీక్ష. తప్పితే ఇంకో ఏడాది కాంక్రీటు కింద. ఏటి ఇసకలో ఊట కాలవలు బాగుచేసే పనికి నీలవేణి పేరిచ్చుకుంది.

"బురద పనే అది, చేతులు పగులుతాయి," అన్నాను.

"పగలనీ అమ్మమ్మా. ఆకాశం కిటికీలోంచి చూసీ చూసీ నా మెడ పట్టేసింది."

నమోదు 3

పిడి పండగ అయింది. పులిహోర బాగా కుదిరింది. చెప్పుకోదగ్గ మంచి అంతవరకే.

గురి చూసే చోటు మా గేటు పక్క పాత కాలవ సొరంగం. అటు చివర ఇసక బస్తాలు పేర్చి ఉంటాయి. చెవుల్లో దూది పెట్టించాను. ప్రభాకరం తూటాలు నింపి ఇచ్చాడు. నీలవేణి ఊపిరి బిగబట్టి పేల్చింది. సొరంగం మొత్తం దద్దరిల్లింది. పిస్తోలు పైకి లేచింది, దాని పైభాగం వెనక్కి దూసుకొచ్చి బొటనవేలి పక్క కండ చీరేసింది. అక్షతలు ఇంకా ఆరని చేతిలో నెత్తురు.

రెండోసారి పేల్చడానికి ముందే కళ్ళు మూసుకుంది. నేను చూశాను. మూడో తూటా బస్తాలకి కూడా తగల్లేదు, సొరంగం నేలలో దిగింది.

చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు! ఎంత మోత, ఎంత మోత అని. ఏం తగిలిందని ఒక్కరూ అడగలేదు.

"నాకూ మొదట్లో అంతేనమ్మా, అలవాటవుతుంది," అన్నాడు ప్రభాకరం, మేనకోడలి చేతికి గుడ్డ చుడుతూ. వాడికి దానిమీద ప్రేమ లేదని నేననను. ప్రేమ లేకపోతే తిట్టడం తేలికయ్యేది.

"అలవాటయ్యేది దెబ్బ కాదురా, బెదురు. తూటాని ఎంత బలంగా ముందుకి తోస్తే తుపాకి చేతిని అంత బలంగా వెనక్కి తోస్తుంది. ఈ సంగతి నేను ఎనిమిదో తరగతికి చెప్పాను. వెనక బెంచీలో నువ్వు కూడా ఉన్నావు. ట్రిగ్గర్ నొక్కితే చెంపదెబ్బ పడుతుందని ఒంటికి ఒకసారి తెలిసిపోయిందనుకో, నొక్కేలోపే కన్ను మూసుకుంటుంది, మణికట్టు కిందికి వాలుతుంది. ఇక జన్మంతా తూటా నేలకే."

"మరి అందరూ ఇలాగే నేర్చుకున్నారు కదా."

"ఏం నేర్చుకున్నారు?"

పిల్ల చెయ్యి వెనక దాచుకుని, "ఇంకోసారి కాలుస్తాను," అంది. వద్దని నేనే పిడుగు లాక్కుని తూటాలు తీసేశాను.

నమోదు 4

గాలి ఉంటే ఉంది. నేను తుపాకుల కొట్టుకి వెళ్ళాను.

కొట్టు రెండో గేటులో, యజమాని పేరు వరహాలు. నన్ను చూడగానే కుర్చీ వేశాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకుని తప్పినవాడే.

"మనవరాలికా టీచరుగారూ? ఆడపిల్లల కోసమే ప్రత్యేకంగా వచ్చింది చూడండి," అని గులాబీరంగు పిస్తోలొకటి తీశాడు. అరచేతిలో పట్టేంతే ఉంది. ఈకలా తేలిగ్గా ఉంది.

"తూటా ఏదీ దీనికి?"

"పిడుగుదే అండి! చిన్నదని చులకన చెయ్యకండి."

"అదే తూటా, తుపాకి బరువు మూడోవంతు. మరి చేతికి తగిలే దెబ్బ తగ్గుతుందా, పెరుగుతుందా వరహాలూ?"

వాడు పైకప్పు చూశాడు. పరీక్ష హాల్లో కూడా సరిగ్గా అక్కడికే చూసేవాడు.

"రంగు బాగుందని అందరూ తీసుకుంటున్నారండి," అన్నాడు చివరికి.

"మొదటి తుపాకి కాస్త బరువుండాలి, దెబ్బని అదే మింగాలి. తూటా చిన్నదవ్వాలి. పిడి చేతికి నిండుగా ఆనాలి. చూపుడు వేలి మొదటి కణుపు ముందు భాగం ట్రిగ్గర్ మీదికి సుఖంగా రావాలి. గొట్టం చివరి గురి ముల్లు కంటికి ఆనాలి. ఇవి చూసి ఇవ్వు, నల్లదైనా పచ్చదైనా నాకు ఒకటే."

అప్పుడు లోపలి అరలోంచి పట్టు గుడ్డలో చుట్టింది తెచ్చాడు. ఆలోచించే పిస్తోలట. ఎటు తిప్పినా గురి అదే చూసుకుంటుందట, చెయ్యి వణికినా అదే సర్దుకుంటుందట.

"తప్పితే ఎందుకు తప్పిందో పిల్లకెలా తెలుస్తుంది?"

"తప్పదండీ!"

"ఆలోచించడానికి దానికి కరెంటు ఎక్కడిది? పిడి విప్పు."

విప్పాడు. లోపల బొటనవేలంత బ్యాటరీ, దాని మీద ముద్ర. ఖాతూన్ లాంతరులో ఉన్న ముద్రే. మా పిల్ల గుండెలో ఉన్న ముద్రే. వరహాలు మొహం పాలిపోయింది. గద్దని కొట్టడానికి గద్ద వెతుక్కునే వస్తువునే నడుముకి కట్టి పంపుతున్నాడన్నమాట. పాపం, వాడు దాని పిడి ఎప్పుడూ విప్పి చూడలేదు. విప్పితే ఎంగిలవుతుందేమోనని భయమట.

"సరే, ఆ మూలనున్న నాలుగూ ఇటు ఇవ్వు. పిల్లని తీసుకొస్తాను. ఒక్కోదాంతో రెండేసి తూటాలు కాల్చి, చేతికి నప్పింది తీసుకుంటాం."

కొట్టులో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. నేనేదో బూతు మాటన్నట్టు.

"ఎంగిలి కదండీ టీచరుగారూ," అన్నాడు వరహాలు, గొంతు తగ్గించి. "తర్వాత ఎవరు కొంటారండీ?"

"చెప్పుల కొట్టులో కాలు దూర్చి చూస్తాం. పుచ్చకాయ కొట్టి చూస్తాం. పెళ్ళికి కూడా చూపులుంటాయి కదయ్యా! ప్రాణం నిలబెట్టే వస్తువు ఒక్కటే గుడ్డిగా కట్టబెట్టాలా?"

కుర్చీ వెనక్కి తోసి వచ్చేశాను. కుర్చీ పడింది. పడనీ.

నమోదు 5

పలకలు నీలవేణి తుడిచింది, లోపలి వైపువి మాత్రమే. బయటివైపు నేను.

పరీక్ష దగ్గరపడుతోంది. పొద్దున్నుంచి గేటు గేటూ తిరిగాను. ఒక్కసారి మీ పిస్తోలివ్వండి, పిల్లచేత పేల్పించి చూస్తాను అని. మూడో గేటు వాళ్ళు తలుపు వేశారు. ఐదో గేటు ఇల్లాలు "మాది ఎంగిలి చేస్తారా పిన్నిగారూ, ఇంట్లో శుభకార్యం ఉంది," అంది. ఆరో గేటు ఆయన మా నాన్నగారి కాలం నుంచి తెలిసినవాడు, "పిచ్చి పట్టిందా దమయంతీ?" అన్నాడు. పట్టిందన్నాను. ఇస్తావా అన్నాను. ఇవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి ఖాతూన్ మా గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది.

"ఊరంతా అడిగావంట టీచరమ్మా. పక్కింటిదాన్ని నన్నడగలేదే?"

"నువ్వు కాపలా డ్యూటీలో ఉంటావు కదా, నీ రివాల్వరు నీకు కావాలని."

"నాది కాదు. మా అత్తది ఉంది చిన్న పిస్తోలు. ఆమె పోయాక గూట్లో పడుంది." చేటని ఎగరేస్తూ నవ్వింది. "మా ఇంట్లో ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటాం. ఈ ఎంగిలి లెక్కలు మాకు రావు. రెండూ పట్టుకెళ్ళు."

సొరంగంలో ముందు రివాల్వరు ఇచ్చాను. బాగానే ఉంది కానీ ట్రిగ్గర్ గట్టిది, నొక్కేసరికి పిల్ల చెయ్యంతా మెలికపడింది. తర్వాత చిన్నది ఇచ్చాను. చూడ్డానికి ఏమీ బాగుండదు. నల్లపూత అక్కడక్కడా పోయింది. తూటా చింతగింజకన్నా సన్నం. కానీ నీలవేణి పిడి పట్టుకోగానే దాని భుజాలు కిందికి దిగాయి. వేలు దానంతట అదే చోటు వెతుక్కుంది.

మొదట ఉత్తదే నొక్కించాను, పదేపదే, కళ్ళు తెరిచి ఉంచేదాకా. తర్వాత ఒక్కో తూటా. మొదటి రెండూ పక్కకి పోయాయి, పాత బెదురు. మూడోది రేకు అంచుకి తగిలి టంగుమంది. పిల్ల నావైపు తిరగబోయింది.

"గొట్టం ముందుకే! తిరగాల్సింది నువ్వు కాదు!" అని కేకేశాను.

"సారీ అమ్మమ్మా. కానీ... తగిలింది కదూ?"

"వినపడింది."

సాయంత్రానికి రేకు ఆగకుండా మోగుతోంది. ఇన్నాళ్ళలో మొదటిసారి నేను కల్పించుకున్న కోపం గడి ఖాళీగా వదిలేద్దామనుకున్నాను. అప్పుడే ప్రభాకరం వచ్చాడు. ఎవరో చెప్పారు వాడికి.

"నేనిచ్చింది పక్కన పడేసి, పోయినావిడ ఎంగిలి తుపాకితో పరీక్షకెళుతుందా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఉన్నచోటే ఉంచుకోరా, బానే ఉంది."

"అమ్మా, నవ్వులాట కాదు. పరీక్ష గీత దగ్గర తుపాకి చేతికందించాల్సింది మేనమామే. నేను రాను. రాకపోతే పరీక్షే లేదు."

నీలవేణి చిన్న పిస్తోలు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా వెళ్ళి పిడుగు తీసుకుంది. "మావయ్యా, దీంతోనే వస్తాను. మీరు రండి," అంది. గాయం ఇంకా మానలేదు. పిడి పట్టుకోగానే గుడ్డ మీద ఎరుపు తేలింది.

ఆ పిల్ల ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. ఆ రాత్రి నేను భోంచెయ్యలేదు. లాగ్‌లో గడి లేని విషయాలు ఇంకా చాలా ఉన్నాయి.

నమోదు 6

గద్దలు, గాలి, నీరు: చూడలేదు.

కొడుకుని కబురంపి పిలిపించాను, ఒక్కణ్ణే. సొరంగంలోకి తీసుకెళ్ళాను. పిడుగు వాడి చేతిలో పెట్టాను.

"నీ చేతిలోనూ ఇలాంటిదే కదా, ఇన్నేళ్ళుగా. ఆ రేకు కొట్టి చూపించు. కొడితే నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉండటం చూడాలని నాకూ ఉంది," అన్నాడు.

తూటాలు నేనే నింపాను. వరసలో మధ్యన ఒక ఉత్తుత్తి తూటా పెట్టాను, పేలనిది. ఎక్కడుందో వాడికి చెప్పలేదు. నీలవేణిచేత ముందు ఉత్తదే నొక్కించింది కూడా ఇందుకే. పేలితే మోతలో, కుదుపులో తప్పులన్నీ దాక్కుంటాయి. పేలనప్పుడు ఏదీ దాగదు.

మొదటిది పేలింది. బస్తా దుమ్ము లేచింది. రెండోది పేలింది. రేకు కదల్లేదు. మూడోసారి టిక్ మంది. అంతే. మోత లేదు, కుదుపు లేదు. అయినా వాడి కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ముడుచుకుంది, గొట్టం జానెడు కిందికి వాలింది. దెబ్బ పడబోతోందని తెలిసిన పిల్లాడిలా.

వాడు కళ్ళు తెరిచి ఆ వాలిన గొట్టం చూసుకున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు.

మళ్ళీ నింపాను. మళ్ళీ టిక్ దగ్గర మళ్ళీ వాలింది. ఎనభై కిలోల మనిషి, కట్టమీద అందరికన్నా పెద్ద మోత చేసేవాడు.

"మా అన్నయ్య నీకు పిడి పండగలో ఏనుగంత తుపాకి ఇచ్చాడు," అన్నాను. "అప్పుడూ అరిచాను. ఆడవాళ్ళకేం తెలుసన్నారు. అప్పటినుంచి నీ ఒళ్ళు నీకు తెలియకుండానే ప్రతిసారీ దెబ్బ కాచుకుంటోంది. నీ గుండెలో బ్యాటరీ లేదు కాబట్టి బతికిపోయావు. దాని గుండెలో ఉందిరా. గద్ద దాని రొమ్ముకి ఇంత దూరంలో ఆగి ఉన్నప్పుడు గొట్టం వాలితే, ఎంగిలి కాని తుపాకి పట్టుకుని పోయిందని నీకు సన్మానం చేస్తారా?"

ఇంకా చాలా అన్నాను. అన్నీ రాయను, పట్టీ చాలదు.

వాడు పిస్తోలు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. వస్తాడో రాడో చెప్పలేదు. అడగలేదు నేను. అడిగితే బతిమాలినట్టుంటుందని, బతిమాలితే ఏడ్చినట్టుంటుందని.

నమోదు 7

పరీక్ష రోజు. సొరంగం నిండా జనం. కట్ట పెద్ద పరంధామయ్య కుర్చీలో, పక్కన ఆయన మనవరాలు. వచ్చే ఏడు దాని పిడి పండగ. నీలవేణి గీత దగ్గర ఉత్త చేతులతో నిలబడి ఉంది. ఎవరెవరో గుసగుసలు. "మేనమామ రాలేదా? అయ్యో."

ప్రభాకరం వచ్చాడు. చేతిలో పసుపు రాసిన పళ్ళెం, అందులో ఖాతూన్ అత్తగారి చిన్న పిస్తోలు. మా బల్ల మీంచి ఎప్పుడు తీసుకెళ్ళాడో నాకు తెలియదు.

ఎవడో కిసుక్కున నవ్వి, "దోమలకా ప్రభాకరం?" అన్నాడు.

పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు. "అది పెట్టెలోంచి తీసింది కాదనుకుంటానే."

"కాదండీ. ఇదివరకు ఒకరు వాడిందే."

అని, నా కొడుకు రేకువైపు తిరిగి ఆ పిస్తోలు ఎత్తి అందరి ముందూ పేల్చాడు. చిన్న చప్పుడు. రేకు టంగుమంది. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. తను కొట్టింది తనకే నమ్మకం లేనట్టు రేకువైపే చూస్తూ నిలబడ్డాడు కాసేపు.

"ఇప్పుడు నా ఎంగిలి కూడా అయింది," అన్నాడు. "పట్టు నీలా."

నీలవేణి పట్టింది. మూడుసార్లు పేల్చింది. మూడుసార్లూ మోగింది. మూడోది సరిగ్గా నడిమధ్యన. ఖాతూన్ ఈల వేసింది. నేను వేయలేదు, నాకు రాదు కాబట్టి.

పరంధామయ్య లేచి నిలబడ్డాడు. "గురి బాగుంది. కానీ ఎంగిలి తుపాకితో కొట్టింది లెక్కలోకి రాదు దమయంతిగారూ. ఆచారం ఆచారమే. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు! పదమూడేళ్ళు కాంక్రీటు కింద గడిపిన పిల్లతో, చూద్దాం అట!

నేనేమన్నానో సొరంగం దాటి బయటికి కూడా వినపడిందని తర్వాత చెప్పారు. ఆచారం వయసెంత అని అడిగాను. ఈ గద్దలు రాకముందు మీ తాతగారు తుపాకి పట్టారా అని అడిగాను. కట్ట మీద నిజంగా గురి ఉన్నవాళ్ళు ఎందరో ఉత్తుత్తి తూటా పెట్టి ఇప్పుడే తేలుద్దాం, ముందు మీరే రండి అన్నాను. ఆయన మొహం కందగడ్డలా అయింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు.

ఆ గొడవలో ఏటివైపు ఇనప తలుపు గడియ తీసిన చప్పుడు ప్రభాకరానికి ఒక్కడికే వినపడింది.

"నీలా!"

అది అప్పటికే ఏటి ఇసకలో నడుస్తోంది. పిస్తోలు రెండు చేతుల్లో, గొట్టం నేలవైపు, వేలు ట్రిగ్గర్ బయట. నేను నేర్పినట్టే. నెత్తిన ఎండ. దాని నీడ అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు.

అందరం తలుపు దగ్గరికి తోసుకున్నాం. గద్ద రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏటి అవతలి గట్టు మీంచి లేచి నేరుగా వచ్చింది. తలుపులో ఉన్న మగవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ పిడుగులు బయటికి లాగారు.

"ఎవడైనా పేల్చాడంటే చేతులు విరిచేస్తాను!" అని ప్రభాకరం వాళ్ళకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "మన గురితో గద్ద కాదు, పిల్ల పోతుంది!"

ఒక్కడూ ఎదురు చెప్పలేదు. తెలుసు వాళ్ళకి. ఎప్పటినుంచో తెలిసే ఉంటుంది.

గద్ద నీలవేణి ముందు, చేతికందేంత దూరంలో ఆగింది. రెక్కల గాలికి పిల్ల జడ ఎగిరింది. ఆ తియ్యటి గొంతు వినపడింది. "దయచేసి కదలకండి. మీ పరికరాన్ని పరిశీలిస్తున్నాం."

పిల్ల కదల్లేదు. పిస్తోలు పైకెత్తింది. నేను ఊపిరి లెక్కపెట్టలేదు, ఎందుకంటే తీయలేదు. నా పక్కన ప్రభాకరం కళ్ళు మూసుకోబోయి, బలవంతంగా తెరిచి ఉంచాడు.

పోపులో ఆవగింజ చిట్లినంత చప్పుడు.

గాజు పగిలింది. గద్ద ఒక పక్కకి ఒరిగింది, గుండ్రంగా తిరిగింది, "మీ సహకారానికి" అంటూ మొదలుపెట్టి, ఎటు పోవాలో తెలియక ఏరు వెంబడి దిగువకి పోయింది. నీలవేణి గొట్టం నేలకి దించింది. తర్వాతే వెనక్కి తిరిగింది.

పరంధామయ్య నా భుజం వెనక నుంచి, "ఈ ఒక్కసారికి మినహాయింపు ఇవ్వొచ్చు," అన్నాడు.

"అది మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాను. "తలుపు తీసే ఉంది, పిల్ల బయటే ఉంది. ఇప్పుడు మినహాయింపు ఎవరికి కావాలి?"

ఇది రాస్తున్నది పొద్దు వాలాక. నీలవేణిని అన్నానికి రెండుసార్లు పిలిచాను. వస్తున్నానంది, రాలేదు. మధ్యలో ఇంకో గద్ద వచ్చి, అదీ గుడ్డిదై పోయింది. మొదటిరోజే ఇంత పొగరు పనికిరాదని చెప్పి లాక్కొద్దామని చెప్పులేసుకుని మెట్లు దిగాను.

తలుపు దగ్గర పరంధామయ్య మనవరాలు నిలబడి ఉంది. ఇసకలో బండ మీద కూర్చున్న మా పిల్లతో అంటోంది, "అక్కా, ఒక్కసారి నన్ను పట్టుకుని చూడనిస్తావా?"

నీలవేణి గొట్టం ఏటివైపు తిప్పి, తూటాలు తీసింది. లోపల ఖాళీయేనని ఒకసారి చూసి, మళ్ళీ చూసి, దానికి కూడా చూపించింది. తర్వాత పిడి అటు తిప్పి దాని చేతిలో పెట్టింది.

నేను మెట్ల మీదే కూర్చున్నాను. పైన అన్నం చల్లారిపోతోంది. చల్లారనీ.